గొలుసుకట్టు తెరలు: ఒక సాంకేతిక భావన చరిత్ర, తెలుగు అన్వయం

ఉపోద్ఘాతం

కంప్యూటరుకు ఒక మానిటరును, ఆ మానిటరుకు మరొకదానిని, దానికి ఇంకొకదానిని వరుసగా కలపడాన్ని సాంకేతిక రంగంలో ‘డైసీ చైన్’ అంటారు. డైసీ పూలను కాడకు కాడ గుచ్చి అల్లే దండ వల్ల ఆ పేరు వచ్చింది. తెలుగులో దీనికి కొత్త మాట కల్పించనక్కరలేదు. కలం ఎత్తకుండా రాసే గొలుసుకట్టు రాత, ఒకదాని అలుగు నీరు మరొకదానికి చేరే గొలుసుకట్టు చెరువులు తెలుగువారికి చిరపరిచితాలు. గొలుసుకట్టు తెరల చరిత్రను వివరించి, చీమకుర్తి ప్రాంతపు కాలువ నీటి వ్యవస్థతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. విడి తీగల కాలం

ఒకే కంప్యూటరుకు పలు తెరలు అమర్చడం కొత్త కాదు. 1987లో వచ్చిన మాకింతోష్ 2లో ఆ వీలుంది. విండోస్ 98 దానిని సామాన్య వినియోగదారులకు చేరువ చేసింది. అయితే ప్రతి తెరకూ కంప్యూటరు నుంచి ప్రత్యేక ద్వారం, ప్రత్యేక తీగ కావలసివచ్చేది. గొలుసు పద్ధతి అప్పటికే ఇతర పరికరాలలో ఉంది. 1986లో ప్రమాణంగా స్థిరపడిన ‘స్కజీ’లో కంప్యూటరుతో కలిపి ఎనిమిది పరికరాలను ఒకే వరుసలో కలపగలిగేవారు.

2. తెరల గొలుసు

వీసా సంస్థ 2006లో డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణాన్ని, 2010 జనవరిలో దాని 1.2 రూపాన్ని వెలువరించింది. ఒకే తీగలో పలు దృశ్యప్రవాహాలను పంపే పద్ధతి ఈ రూపంతోనే వచ్చింది. మొదటి మానిటరు తన ప్రవాహాన్ని తీసుకొని మిగిలినవాటిని ముందుకు పంపుతుంది. చివరి మానిటరుకు మాత్రం ముందుకు పంపే ద్వారం అవసరం లేదు. 2011లో వచ్చిన థండర్‌బోల్ట్ కూడా ఆరు పరికరాల వరకు గొలుసుగా కలిపే వీలు కల్పించింది.

ఈ వరుసకు హద్దును నిర్ణయించేది మొదటి తీగ. డిస్‌ప్లేపోర్ట్ 1.2లో దాని సామర్థ్యం సెకనుకు 17.28 గిగాబిట్లు. 1920×1200 తెరలు నాలుగు అందులో ఇముడుతాయి. సెకనుకు 60 సార్లు మారే 4కే తెర ఒక్కటే సుమారు 12.8 గిగాబిట్లు వాడుకొంటుంది కనుక అటువంటి రెండో తెరకు చోటు చాలదు.

3. చీమకుర్తి పోలిక

నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు విడుదలైంది. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం ప్రాంతాల మెట్ట భూములకు ఆధారమైంది. ఆ నీటిని చీమకుర్తి మండలంలోని రామతీర్థం జలాశయంలో నిలువ చేస్తారు. కాలువ ఎగువన ఎక్కువ నీరు వాడుకొంటే చివరి ఆయకట్టుకు చేరేది తగ్గుతుంది. తల దగ్గర వదిలిన నీరే తోకకు చేరాలన్న నియమం తెరల గొలుసుకూ వర్తిస్తుంది.

అయితే రెండు భేదాలున్నాయి. నీటిని జలాశయంలో నిలిపి తరువాత వదలవచ్చు. దృశ్యసంకేతం క్షణక్షణం అందుతూ ఉండాలి. మధ్య మానిటరుకు విద్యుత్తు పూర్తిగా ఆగితే దాని తరువాతి తెరలు సాధారణంగా ఆరిపోతాయి. రెండవ భేదం పంపకానికి సంబంధించినది. డిస్‌ప్లేపోర్ట్‌లో ప్రవాహాన్ని 64 కాలఖండాలుగా విభజించి, వాటిలో మొదటిది నిర్వహణకు పోగా మిగిలిన 63ను కంప్యూటరు ముందుగానే తెరలకు కేటాయిస్తుంది. కనుక ముందున్న తెర తన వంతుకు మించి తీసుకోలేదు. సాగునీటి పరిభాషలో ఇది వారాబందీ. కాలువపై ఈ పద్ధతి రైతుల సమ్మతి మీద, అధికారుల పర్యవేక్షణ మీద నిలబడుతుంది. తెరల గొలుసులో అది ప్రమాణంలోనే అంతర్భాగం.

ముగింపు

గొలుసుకట్టు వల్ల తీగలు, ద్వారాలు తగ్గుతాయి. తల మీద ఆధారపడటం మాత్రం పెరుగుతుంది. వరుసలో కలిపినంత మాత్రాన సమానత రాదు. వంతులు ముందే నిర్ణయమై, అవి అమలైనప్పుడే చివరివారికి వారి వాటా అందుతుంది. ‘డైసీ చైన్’ అన్న పేరు పూలదండ రూపాన్ని మాత్రమే చూపుతుంది. ‘గొలుసుకట్టు’ అన్న మాట తల, తోక, వంతు అన్న భావాలనూ వెంట తెస్తుంది. సాంకేతిక పదాలకు తెలుగు సమానార్థకాలను ఎంచుకొనేటప్పుడు వ్యవసాయ పరిభాషను కూడా పరిశీలించాలనడానికి ఇది ఒక నిదర్శనం.