పదకొండు నెలల ఊరు

ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమం గురించి ఎక్కడ చదివినా నాకు మా తాతయ్యే గుర్తొస్తాడు. ఆయన ఆర్కిటెక్టేమీ కాదు. చీరాల దగ్గర గుంటమగ్గం మీద చీరలు నేసిన మనిషి. ఇల్లు కట్టుకునేటప్పుడు ముందు మగ్గం గుంటకి చోటు చూసుకుని, తర్వాతే గోడలు లేపాడట. పని చుట్టూ ఇల్లు. విలియం మారిస్ బాటలో నడిచినవాళ్ళు కోరుకున్నదీ దాదాపు ఇదే.

వాళ్ళలో ఒకడు ఆర్కిటెక్ట్ సి. ఆర్. ఆష్బీ. పారిశ్రామిక నగరంలో చేతిపనికి మంచి బతుకు లేదనుకుని, 1902లో తన గిల్డ్ పనివాళ్ళని కుటుంబాలతో సహా లండన్ నుంచి చిప్పింగ్ కాంప్డెన్ అనే చిన్న ఊరికి తీసుకెళ్ళిపోయాడు. పక్కనే బ్రాడ్ కాంప్డెన్‌లో ఓ పాత నార్మన్ చాపెల్‌ని ఆనంద కుమారస్వామికి ఇల్లుగా మార్చి ఇచ్చిందీ ఆయనే. మారిస్ వాడిన ప్రెస్సు మీదే కుమారస్వామి మధ్యయుగ సింహళ కళల గురించిన తన పుస్తకం అచ్చు వేయించాడు. అది 1908 నాటి మాట.

ఆ కుమారస్వామికి స్నేహితుడు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివాడు. ఇద్దరూ కలిసి నందికేశ్వరుడి అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెస్తే, 1917లో 'ద మిర్రర్ ఆఫ్ జెస్చర్' పేరుతో హార్వర్డ్ వేసింది.

నాలుగేళ్ళకి ఆయన చీరాలలో ఉన్నాడు. చీరాల, పేరాలల్ని ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. ఏడాదికి నాలుగు వేలున్న పన్ను నలభై వేలైంది. ఊరే వదిలేస్తే మున్సిపాలిటీ ఎవరి మీద? 1921లో సుమారు 13 వేలమంది ఇళ్ళు వదిలి, ఊరి బయట పాకలేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు.

మనం దీన్ని పన్నుల పోరాటంగానే చదువుకున్నాం. నాకు మాత్రం మగ్గాల మీదికి పోతుంది మనసు. చీరాల నేతగాళ్ళ ఊరు. మంచం ఎత్తుకుపోవచ్చు, గుంట ఎత్తుకుపోలేం కదా! కొత్తచోట మళ్ళీ తవ్వుకోవాలి. అది కుదిరేదాకా కూలి లేదు.

దుగ్గిరాల ఆష్బీని చూసి ఇదంతా చేశాడని నేననను. కానీ నగరాన్ని వదిలితేనే బాగా బతకగలమన్న నమ్మకం రెండుచోట్లా ఒకటే. రెండూ నిలబడలేదు. ఆష్బీ గిల్డ్ నష్టాలతో 1908కల్లా మూతపడింది. ఇక్కడ దుగ్గిరాల జైలుకెళ్ళాడు, చేతిలో డబ్బు అయిపోయింది. పదకొండు నెలల తర్వాత జనం వెనక్కొచ్చేశారు. దుగ్గిరాల 1928లో, 39 ఏళ్ళకే పోయాడు.

బ్రాడ్ కాంప్డెన్ చాపెల్ ఇప్పటికీ ఉంది. పాకలు మిగలవు, కాబట్టి ఆర్కిటెక్చర్ పుస్తకాల్లోకీ ఎక్కవు. అది అన్యాయమని రాయడానికే కూర్చున్నాను. రాస్తుంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. తాతయ్య పోయాక ఆ మగ్గం గుంట పూడ్చి, పైన టైల్స్ వేయించింది మేమే. సెలవులకి వెళ్ళినప్పుడు నేను ల్యాప్‌టాప్ పెట్టుకునేది సరిగ్గా అక్కడే.