బీరు క్యానింగ్ యంత్రం: అమరిక, శుభ్రత

ఖాళీ క్యాన్‌ను కడిగి, లోపలి గాలిని కార్బన్ డయాక్సైడ్‌తో వెళ్లగొట్టి, చల్లటి బీరు నింపి, మూత బిగించే యంత్రాల వరుసను బీరు క్యానింగ్ యంత్రం అంటారు. క్యాన్ బీరు తొలిసారిగా 1935 జనవరి 24న అమెరికాలోని రిచ్‌మండ్‌లో క్రూగర్ కంపెనీ పేరుతో అమ్మకానికి వచ్చింది. అప్పటివి ఉక్కు డబ్బాలు. ఇప్పటి అల్యూమినియం క్యాన్లు ఆంధ్రప్రదేశ్‌లోనే, శ్రీసిటీలోని బాల్ కర్మాగారంలో తయారవుతున్నాయి.

విజయవాడ–మచిలీపట్నం రహదారి మీదున్న కంకిపాడు వంటి డెల్టా ఊళ్లో ఈ యంత్రం పెట్టాలంటే ఎండనూ నీటినీ ముందు లెక్కలోకి తీసుకోవాలి. బీరును 0–2 డిగ్రీల దగ్గర నింపాలి. వేడెక్కినకొద్దీ అందులోని గ్యాస్ బయటికొచ్చి నురగ పొంగుతుంది, క్యాన్ వెలితిగా మిగులుతుంది. కాబట్టి మే నెల ఎండల్లో ట్యాంకు నుంచి బీరు నింపే ఫిల్లర్ దాకా గొట్టం పొట్టిగా ఉండాలి, దానికి వేడి సోకని తొడుగు వేయాలి, మొదటి క్యాన్‌కు ముందే ఫిల్లర్‌ను చల్లబరచాలి. సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు నీటిలో ఉప్పు పెరుగుతుంది. ఆ క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీలునూ గుంటలు పడేలా తినేస్తుంది. నీటిని పరీక్ష చేయించి, శుద్ధి చేసి వాడడం తప్పనిసరి.

అమరికలో అసలు నేర్పు మూత బిగించే సీమర్ దగ్గర కావాలి. మొదటి రోలరు మూత అంచును క్యాన్ పెదవి కిందికి చుడుతుంది, రెండోది దాన్ని నొక్కి బిగిస్తుంది. మూత అంచు, క్యాన్ పెదవి వంగి ఏర్పడే రెండు కొక్కేలు వంచిన వేళ్లలా ఒకదానిలో ఒకటి చిక్కుకోవాలి. రోలర్ల ఎడం, మూతను పట్టి ఉంచే చక్ ఎత్తు, కింది పళ్లెం ఒత్తిడి క్యాన్ తయారీదారు ఇచ్చిన కొలతలకు సరిపోవాలి. పని మొదలుపెట్టేటప్పుడూ, క్యాన్ ఇరుక్కున్న ప్రతిసారీ కొన్ని క్యాన్ల అంచును కోసి మైక్రోమీటరుతో కొలవాలి. పైకి బాగున్న అతుకు లోపల వదులుగా ఉండవచ్చు. ఆ రోజు కారకపోయినా, వారాల తర్వాత గ్యాస్ పోయిన బీరు కొనేవాడి చేతికి చేరుతుంది. మూతను నురగ మీదే వేయాలి. నురగ లేకుంటే గాలి చిక్కుకుని, రుచి అట్టముక్కలా మారుతుంది. మంచి బీరులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 50 మైక్రోగ్రాములు దాటనివ్వరు.

చివరి క్యాన్ బయటికి రాగానే కడగడం మొదలుపెట్టాలి. మన వేడికి రేపటిదాకా ఆగితే అడుగున మిగిలిన బీరులో సూక్ష్మజీవులు పెరిగిపోతాయి. ముందు నీటితో, తర్వాత 1.5–2 శాతం కాస్టిక్ సోడా ద్రావణంతో 20–30 నిమిషాలు తిప్పుతారు. వేడి 70–80 డిగ్రీలు, అయితే ప్లాస్టిక్ భాగాలున్న చిన్న యంత్రాలకు తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు. లోపలి కార్బన్ డయాక్సైడ్‌ను ముందే పూర్తిగా వదిలేయాలి. కాస్టిక్ ఆ గ్యాస్‌ను పీల్చుకుని సోడియం కార్బొనేట్‌గా మారుతుంది. అప్పుడు ద్రావణం బలహీనపడడమే కాదు, మూసిన ట్యాంకులో శూన్యం ఏర్పడి ట్యాంకు కుంగిపోవచ్చు. అల్యూమినియాన్నీ కాస్టిక్ తింటుంది, అప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కనుక క్యాన్లూ మూతలూ ముందే తీసేయాలి.

కాల్షియం ఆక్సలేటు గట్టిపడి ఏర్పడే బీరు గారకు కాస్టిక్ చాలదు, ఆమ్లం కావాలి. ఆమ్లాన్ని క్లోరిన్‌తో ఎన్నడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. సీమర్ రోలర్లను చేత్తో తుడిచి ఆరబెట్టి, ఆహారానికి తగిన గ్రీజు రాస్తారు. కడిగిన నీటి పీహెచ్ లోపలికి పంపిన నీటి పీహెచ్‌తో సమానమయ్యాకే పెరాసిటిక్ ఆమ్లంతో క్రిమిరహితం చేస్తారు. మళ్లీ నడిపినప్పుడు తొలి క్యాన్లు అమ్మకానికి పోవు, పరీక్షకు వెళతాయి.