ఇళ్లలో విద్యుత్ సాకెట్ల మార్పిడి – నిబంధనలు, జాగ్రత్తలు

మోత్కూర్: ఇంటిలో పాడైన సాకెట్‌ను తొలగించి అదే సామర్థ్యం గల సాకెట్‌ను బిగించడం సాధారణ మరమ్మతు. దాని స్థానంలో అధిక సామర్థ్యం గల సాకెట్‌ను అమర్చడం మాత్రం లైసెన్సు పొందిన విద్యుత్ కాంట్రాక్టర్ ద్వారా జరగవలసిన పని. ఈ భేదాన్ని విస్మరించిన చోట గోడలోని తీగలు వేడెక్కి అగ్నిప్రమాదాలకు దారితీయగలవు.

భారత విద్యుత్ నిబంధనలు, 1956లోని 45వ నిబంధన దీపాలు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌లు, ఫిట్టింగుల మార్పిడికి మినహాయింపు ఇచ్చింది. అయితే ఆ మార్పు వలన విద్యుత్ అమరిక సామర్థ్యం గాని, స్వభావం గాని మారరాదని షరతు విధించింది. విద్యుత్ చట్టం, 2003 అమలులోకి వచ్చిన పిదప కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో జారీ చేసిన భద్రతా నియమావళి, దాని స్థానంలో 2023లో వచ్చిన నియమావళి ఇదే సూత్రాన్ని కొనసాగించాయి.

2016 అక్టోబరులో నల్లగొండ జిల్లా నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చిన మోత్కూర్ వంటి పట్టణాలలో పాత ఇళ్ల వైరింగ్ విషయంలో ఈ సూత్రం ముఖ్యమైనది. దీపాలు, ఫ్యాన్ల కొరకు వేసిన సర్క్యూట్‌పై 10 పాయింట్లు, 800 వాట్లు మించకుండా చూడడం ఆనవాయితీ. 230 వోల్టుల వద్ద 6 ఆంపియర్ల సాకెట్ 1,380 వాట్ల వరకే భరిస్తుంది. 2,000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు తీసుకొంటుంది. అందుచేత సాకెట్‌ను మాత్రమే 16 ఆంపియర్లకు మార్చినందువలన ప్రయోజనం లేదు. ఆ భారానికి తగిన తీగను, ఎం.సి.బి.ని ప్రత్యేక సర్క్యూట్‌గా ఏర్పాటు చేయవలసి ఉంటుంది. ఫ్యూజు తరచూ పోతున్నదని లావు తీగ చుట్టడం ప్రమాదకరం.

పూర్వపు 5, 15 ఆంపియర్ల సాకెట్ల స్థానంలో భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1293 ప్రకారం 6, 16 ఆంపియర్లవి వాడుకలోకి వచ్చాయి. ఐ.ఎస్.ఐ. గుర్తు గల మూడు రంధ్రాల సాకెట్‌నే కొనుగోలు చేయాలి. పై రంధ్రానికి ఎర్త్ తీగను, ఎదురుగా నిలబడి చూచినపుడు కుడివైపు రంధ్రానికి ఫేజ్‌ను కలపాలి. స్విచ్ ఫేజ్ తీగపైనే ఉండాలి. ఎర్త్ లేని మూడు రంధ్రాల సాకెట్ వినియోగదారునికి లేని రక్షణ ఉన్నదన్న భ్రమ కలిగిస్తుంది. ఎర్రచెల్క నేలలు వేసవిలో ఎండినపుడు వాటి నిరోధం పెరుగుతుంది గనుక ఎర్త్ గుంతలో తేమ నిలిచేలా చూడాలి.

విద్యుత్ లీకేజీని గుర్తించి సరఫరాను తక్షణం నిలిపివేసే పరికరాన్ని ఇళ్లలో అమర్చినపుడు, అది పనిచేసే పరిమితి 30 మిల్లీ ఆంపియర్లకు మించరాదు. ఇది ఎర్తింగ్‌కు ప్రత్యామ్నాయం కాదు.

మరమ్మతుకు ముందు మెయిన్ స్విచ్ ఆపివేసి, సరఫరా లేదని టెస్టరుతో నిర్ధారించుకొనాలి. సరఫరా సంబంధిత ఫిర్యాదులకు వినియోగదారులు 1912 నంబరును సంప్రదించవచ్చును.