పిల్లలు ఎదగడం లేదా? థైరాయిడ్ లోపం కావచ్చు – గొర్రెలు, మేకల పెంపకందారులకు సూచనలు

గొర్రెలు, మేకల మందల్లో కొన్ని పిల్లలు తోటి పిల్లలతో పాటే మేస్తున్నా ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోతాయి. ఎక్కువ సందర్భాల్లో దీనికి కారణం నట్టలు, తల్లిపాలు చాలకపోవడం లేదా మేత కొరత. వీటిని సరిచేసినా ఫలితం లేకపోతే థైరాయిడ్ లోపాన్ని అనుమానించాలి.

థైరాయిడ్‌కు, ఎదుగుదలకు సంబంధం

థైరాయిడ్ గ్రంథి గొంతు దగ్గర శ్వాసనాళానికి ఇరువైపులా ఉంటుంది. మేత, నీటి ద్వారా అందే అయోడిన్‌తో టీ4, టీ3 అనే హార్మోన్లను తయారుచేస్తుంది. పెరుగుదల హార్మోన్ మాత్రం మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి వస్తుంది. అది కాలేయం నుంచి ఐజీఎఫ్-1 అనే పదార్థాన్ని విడుదల చేయించి ఎముకలు, కండరాలు పెరిగేలా చేస్తుంది.

ఎలుకల్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరుగుదల హార్మోన్ తయారీ బాగా పడిపోతుంది. కుక్కల్లో ఇందుకు భిన్నంగా, థైరాయిడ్ మందగించినప్పుడు పెరుగుదల హార్మోన్ స్రావం ఎక్కువవుతుంది. అంటే అన్ని జంతువుల్లో ఒకే తీరు ఉండదు. అయినా చిన్న వయసులో థైరాయిడ్ లోపిస్తే ఏ జంతువైనా సరిగా ఎదగదు. ఎముకల చివర ఉండే మృదులాస్థి ఎముకగా మారడానికి థైరాయిడ్ హార్మోన్ నేరుగా అవసరం. కాబట్టి అసలు లోపాన్ని సరిచేయకుండా టానిక్‌లు, బలం ఇంజెక్షన్లకు డబ్బు ఖర్చు పెట్టినా ప్రయోజనం ఉండదు.

లోపం ఎందుకు వస్తుంది?

1. నేలలో, నీటిలో అయోడిన్ తక్కువగా ఉన్న ప్రాంతాల్లో మేతలోనూ తక్కువగా ఉంటుంది.

2. క్యాబేజీ ఆకులు, ఆవ చెక్క, కర్రపెండలం ఆకుల్లో థైరాయిడ్ పనిని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. రోజూ ఎక్కువగా మేపితే లోపం వస్తుంది.

3. సుబాబుల్‌లోని మైమోసిన్ పశువు పొట్టలో డీహెచ్‌పీ అనే పదార్థంగా మారి థైరాయిడ్‌ను అడ్డుకుంటుంది. కొన్ని మందల పొట్టలో దీన్ని విడగొట్టే సూక్ష్మజీవులు ఉంటాయి, కొన్నింటిలో ఉండవు. హవాయి దీవుల మేకల్లో ఇలాంటి సూక్ష్మజీవులను 1980లలో గుర్తించారు.

గుర్తించడం ఎలా?

చూడి గొర్రె, మేకలో అయోడిన్ లోపిస్తే పిల్లలు చనిపోయి పుట్టవచ్చు. బతికినవి బలహీనంగా, ఒంటిమీద వెంట్రుకలు లేక పలచగా, గొంతు కింద వాపుతో పుడతాయి. లేచి పాలు తాగలేవు. తల్లి మాత్రం ఆరోగ్యంగానే కనిపించవచ్చు. పెరిగే పిల్లల్లో ఎదుగుదల మందగిస్తుంది.

ప్రతి వాపూ థైరాయిడ్ వాపు కాదు. దవడ కింద మెత్తగా, నీరు నిండినట్లున్న వాపు సాధారణంగా నట్టలు, కార్జపు జలగల వల్ల వస్తుంది. పాలు బాగా తాగి చురుగ్గా ఎదుగుతున్న మేకపిల్లకు గొంతు దగ్గర వాపు ఉంటే అది తరచుగా థైమస్ గ్రంథిది. దానికి మందు అవసరం లేదు, వయసుతో తగ్గిపోతుంది.

ఏం చేయాలి?

• చూడి పశువులకు, ముఖ్యంగా చివరి రెండు నెలల్లో, రోజుకు 10 గ్రాములు, పెరిగే పిల్లలకు 5 గ్రాముల చొప్పున అయోడిన్ ఉన్న ఖనిజ లవణ మిశ్రమాన్ని దాణాలో కలిపి ఇవ్వాలి.

• ఉప్పు కొనేటప్పుడు ప్యాకెట్‌పై అయోడైజ్డ్ అని ఉందో లేదో చూడాలి. కిలోకు 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉన్న ఉప్పు 10 గ్రాములు ఇస్తే 0.15 మిల్లీగ్రాములే అందుతుంది. రోజుకు కిలో ఎండు మేత తినే మేకకు సుమారు 0.5 మిల్లీగ్రాములు కావాలి. కాబట్టి ఉప్పు ఒక్కదానిపై ఆధారపడకుండా ఖనిజ లవణ మిశ్రమం కూడా ఇవ్వాలి.

• ఉప్పును, మిశ్రమాన్ని ఎండ, తేమ తగలకుండా మూత ఉన్న డబ్బాలో ఉంచాలి. లేకపోతే అయోడిన్ తగ్గిపోతుంది.

• సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతు మించకూడదు. మిగతాది ఇతర పచ్చిమేత, ఎండుమేత ఇవ్వాలి. సుబాబుల్ వల్ల వచ్చిన లోపం అయోడిన్ పెంచినంత మాత్రాన పోదు, మేపడం తగ్గించాల్సిందే.

• క్యాబేజీ ఆకులు, ఆవ చెక్క, కర్రపెండలం ఆకులను చూడి పశువులకు వరుసగా మేపకూడదు.

జాగ్రత్త

అయోడిన్ ఎక్కువైనా ప్రమాదమే. గాయాలకు వాడే టింక్చర్ అయోడిన్‌ను సొంతంగా తాగించకూడదు. ఒకే ఈతలో రెండు మూడు పిల్లలు వాపుతోనో, వెంట్రుకలు లేకుండానో పుడితే చనిపోయిన పిల్లను పారేయకుండా పశువైద్యుడికి చూపించాలి. థైరాయిడ్ గ్రంథిని పరీక్షిస్తే కారణం తేలుతుంది, మందలో ఇంకా ఈనాల్సిన వాటి పిల్లలను కాపాడుకోవచ్చు. సంచార పశువైద్య సేవల కోసం 1962కు ఫోన్ చేయవచ్చు.