మగ్గం మనం తెచ్చామా?

మన సమాఖ్య పాత సంచికలు తిరగేస్తుంటే ఒక మాట మళ్లీ మళ్లీ కంటబడింది. "తమిళదేశానికి మగ్గం తెచ్చింది మన పూర్వీకులే" అని. ఒక ఏడు ముందుమాటలో ఉంది, ఇంకో ఏడు చరిత్ర వ్యాసంలో ఉంది, మరో ఏడు ఆహ్వానపత్రికలోనే వేశాం. రాసింది వేరే ఎవరో కాదు, మేమే. ఈ వార్షికోత్సవ సంచికలో కూడా వేయాలా అని తళవాయిపురంలో కూర్చుని మాట్లాడుకున్నాం. పెద్దవాళ్లలో ఇద్దరు ముగ్గురికి కోపం కూడా వచ్చింది. చివరికి వద్దనే తేల్చాం. ఎందుకు వద్దన్నామో బంధువులందరికీ చెప్పాలి కదా, అందుకే ఇది రాస్తున్నాం.

ఆ మాట ఎందుకు పుట్టిందో మాకు తెలుసు. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బడిలో ఎవడో ఒకడు "వందేరి" అంటాడు, అంటే బయటినుంచి వచ్చి చేరినవాడు అని. పిల్లవాడు ఏడుస్తూ ఇంటికొస్తే తాత ఊరుకుంటాడా? "రేయ్, వాళ్లకు బట్ట కట్టడం నేర్పిందే మనం రా" అంటాడు. ఓదార్పుకు చెప్పిన మాట అది. ఓదార్పుకు చెప్పినది అచ్చులోకి వస్తే చరిత్ర అయి కూర్చుంటుంది. అదే జరిగింది.

నిజం ఏమిటంటే, మనవాళ్లు ఈ దక్షిణానికి రాకముందు చాలా కాలం నుంచే ఇక్కడ నేత ఉంది. మదురైకి ఆగ్నేయంగా సుమారు 12 కిలోమీటర్ల దూరంలో కీళడి ఉంది. అక్కడ 2014-15లో తవ్వకాలు మొదలయ్యాయి. రాష్ట్ర పురావస్తు శాఖ 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం అక్కడ దొరికిన ఒక నమూనా కాలం క్రీ.పూ. 6వ శతాబ్దం. ఆ తవ్వకాల్లో కదురుకు తగిలించే మట్టి బిళ్లలు, మొన తేలిన ఎముక పనిముట్లు, నూలుకు వేలాడదీసే బరువు రాళ్లు, రాగి సూది దొరికాయి. ఇవన్నీ కలిపి చూస్తే అక్కడ నేతపని జరిగిందని నివేదిక చెబుతుంది. వడికేవాళ్లు ఎవరైనా ఆ మట్టి బిళ్లను చూడగానే గుర్తుపడతారు. మా కమిటీలో ఒకామె ఫోటో చూసి, "మా అవ్వ దగ్గర ఉండేది ఇదే, కాకపోతే చెక్కది" అంది.

కీళడి ఒక్కటే కాదు. మదురై దగ్గరి అళగర్‌మలై గుహలో తమిళ బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లు చెక్కి ఉన్నాయి. క్రీస్తుకు ముందరి శతాబ్దాల నాటివి అవి. వారిలో ఒకాయన "అరువై వణికన్", అంటే బట్టల వ్యాపారి. అరువై అనే మాటకు మూలం కోయడం. మగ్గం మీదనుంచి కోసి దించిన ముక్క కాబట్టి అరువై. తమిళంలో ఇప్పటి "తుణి" కూడా అలాంటిదే, తెగిన ముక్క. మన తునకకు అది చుట్టం.

తిరుచ్చి ఉరైయూర్‌లో మద్రాసు విశ్వవిద్యాలయం వారు తవ్వినప్పుడు అద్దకపు తొట్టి బయటపడింది. పుదుచ్చేరి పక్కన అరికమేడులో 1945లో వీలర్ తవ్వించినప్పుడు కనబడిన ఇటుక తొట్లు కూడా బట్టకు రంగు వేసేవే అని ఆయన అనుకున్నాడు. సంగం పాటల్లో నూలు వడికే ఆడవాళ్లు కనిపిస్తారు, పాము కుబుసంతో పోల్చిన సన్నబట్టలు కనిపిస్తాయి. ఆ తరువాత చోళుల కాలానికి వస్తే, 10వ శతాబ్దపు ఉత్తమ చోళుడి రాగిశాసనం కాంచీపురంలోని నాలుగు నేతవాడలవారికి గుడి లెక్కలు చూసే బాధ్యత అప్పగించింది. చోళ శాసనాల్లో "తరి ఇరై" అనే పన్ను ఉంది, అంటే మగ్గం మీద పన్ను. మగ్గాలు లేకుండా మగ్గం పన్ను ఎలా వస్తుంది?

మరి మనం ఎప్పుడు వచ్చాం? విజయనగర రాజ్యం దక్షిణానికి విస్తరించిన కాలంలో, ఆ తరువాత మదురై నాయకుల కాలంలో తెలుగు, కన్నడం మాట్లాడే నేతకులాలు ఇటు దిగివచ్చాయి. విజయా రామస్వామి గారు 1985లో వెలువరించిన మధ్యయుగ దక్షిణభారత నేతకారుల చరిత్రలో ఈ వలసల గురించి వివరంగా ఉంది. మన ఊరి పేరులోనే ఆ కాలం ఉంది. దళవాయి అంటే నాయకరాజుల సేనాధిపతి. ఇక రాజపాళయం పేరు చెప్పనక్కరలేదు, పలికితేనే తెలుస్తుంది. కాబట్టి లెక్క చూసుకోండి. కాంచీపురంలో నేతవాళ్లు గుడి లెక్కలు చూస్తున్న నాటికి, మనవాళ్లు ఈ దక్షిణపు కొసకు రావడానికి ఇంకా నాలుగైదు వందల ఏళ్లు ఉంది. నేర్పింది మనమే అనడం కుదరదు.

ఇక్కడిదాకా చెప్పేసరికి కోపం వచ్చిన పెద్దాయన అడిగాడు, "అయితే మనం వాళ్ల దగ్గర నేర్చుకున్నామా?" అని. అదీ కాదు. దానికి సాక్ష్యం తవ్వకాల్లో లేదు, మన నోట్లోనే ఉంది.

మనం నూలు అంటాం, వాళ్లు నూల్ అంటారు. మనం నేయడం అంటే వాళ్లు నెయ్దల్ అంటారు. మనకు ప్రత్తి, వాళ్లకు పరుత్తి. మనకు కదురు, వాళ్లకు కదిర్. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో అచ్చువేసిన ద్రావిడ నిఘంటువులో ఈ మాటలన్నీ ఒకే గూట్లో పక్కపక్కన ఉన్నాయి. ఒకరి దగ్గర ఒకరు అరువు తెచ్చుకున్నవి కావు అవి. తెలుగు తెలుగుగా, తమిళం తమిళంగా విడిపోకముందు ఒకే ఇంట్లో ఉన్న మాటలు. అంటే పత్తి ఏరి, కదురు మీద వడికి, నేసిన ఆ పాతకాలపు మనుషులు ఇద్దరికీ తాతముత్తాతలే.

అదే నిఘంటువులో సేద్యం మాటలు చూసినా అంతే. మన తూము వాళ్ల తూంబు. మన కలుజు వాళ్ల కలుంగు. మన ఏతం వాళ్ల ఏట్రం. నాగలికి నాంజిల్. చెరువు కట్టి, తూము పెట్టి, మిగులునీరు పోవడానికి కలుజు కట్టే విద్య రెండు వైపులా ఉంది. పాండ్యదేశపు కణ్మాయిల్లో కుమిళి తూంబు అని ఒకటి ఉంటుంది. గట్టులో కాక చెరువు లోపల నిలబెట్టిన రాతి తూము. పైబెజ్జం తీస్తే నీరు పారుతుంది, కిందిబెజ్జం తీస్తే అడుగున చేరిన బురద కూడా కొట్టుకుపోతుంది. ఒండ్రు పేరుకోకుండా ఇంత తేలిక ఉపాయం! మన పడమటి కొండల నీళ్లు ఇలాంటి కణ్మాయిల గొలుసులోకే దిగుతాయి. నేత వ్యాసంలో చెరువు ఎందుకంటారేమో. పడుగుకు పట్టే గంజి బియ్యం చెరువు కింద పండిందే.

మాటల్లో తేడాలూ ఉన్నాయి, అవి దాచము. పడుగుకు వాళ్లు పావు అంటారు, పేకకు ఊడై అంటారు. ఇప్పుడు మన ఇళ్లలో కూడా పావు అనే అంటున్నారు, పడుగు అంటే కాలేజీ పిల్లలకు అర్థం కావడం లేదు. రాట్నం సంగతి ఇంకా విచిత్రం. మహాత్ముడి పేరు చెబితే గుర్తొచ్చే రాట్నం చాలా పాతదనుకుంటాం. కానీ మన దేశంలో రాట్నం గురించి స్పష్టమైన ప్రస్తావన 1350 నాటి ఇసామీ పారశీక కావ్యంలో ఉంది. అంతకుముందు వడికింది కదురు మీదనే. రాట్నం అనే మాట కూడా ఉత్తరాది రహాట్‌కు చుట్టం. పనిముట్టు ఎటునుంచి వస్తే పేరూ అటునుంచే వచ్చింది. విసురు నాడె అయితే మరీ కొత్త. 1733లో ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన కనిపెట్టినది మన ఇళ్లలోకి 20వ శతాబ్దంలో వచ్చింది. దాన్ని మనవాళ్లు పరాయిదని తోసేశారా? లేదు. రోజుకు రెండు గజాలు ఎక్కువ నేయవచ్చంటే ఎవరు వద్దంటారు?

ఇంకో సాక్ష్యం సముద్రం అవతలనుంచి. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక వర్తకుడు గ్రీకు భాషలో రాసిన పెరిప్లస్ అనే పుస్తకంలో అర్గరు అనే ఊరి సన్నబట్టలు ఉన్నాయి. అది ఉరైయూరే అని పండితులు అంటారు. అదే పుస్తకంలో, కాస్త ముందుకు వెళ్తే, మసలియా తీరంలో బట్టలు విస్తారంగా నేస్తారని ఉంది. మసలియా అంటే మన కృష్ణాతీరం, మచిలీపట్నం వైపు. ఒకే ఓడవాడు రెండు చోట్లా బట్ట చూసి రాసుకున్నాడు. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు అని అతనికి పట్టలేదు.

ఇక మన కరిసల్ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. రాజపాళయం దాటి తూర్పుకు, సాత్తూరు, కోవిల్‌పట్టి వైపు వెళ్తే నల్లరేగడి. ఐప్పసి వానలకు విత్తితే, ఆ మన్నులో దాగిన తేమతోనే పంట వచ్చేస్తుంది, నీరు పెట్టనక్కరలేదు. అక్కడి పాత పత్తి రకాలు ఉప్పం, కరుంగణ్ణి. పోగు పొట్టి, కానీ గట్టిది. చేతివడుకుకు సరిపోయేది. తెల్లవాళ్లు దాన్ని తిన్నెవెల్లి పత్తి అని తూత్తుకుడి రేవునుంచి ఓడల్లో పంపారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు ఈ నల్లనేలకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. 1901లో కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టారు. తరువాత మిల్లులకు పొడుగు పోగు కావలసివచ్చి కంబోడియా రకం వచ్చింది. 1936లో పుట్టిన రాజపాళయం మిల్లు మన ప్రాంతపు జీవితాన్నే మార్చింది.

ఆ నల్లనేలను దున్నినవాళ్లలో తెలుగు ఇళ్లవాళ్లు చాలామంది. ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగే. ఆయన తమిళంలో రాసి, కరిసల్ మాటలకు ఒక నిఘంటువే కూర్చారు. మనవాళ్ల వలస గురించి ఆయన రాసిన "గోపల్ల గ్రామం" చదవని ఇల్లు మనలో ఉండకూడదని మా అభిప్రాయం. తెలుగు అచ్చులో దొరక్కపోతే తమిళంలోనే చదవండి, తప్పేమీ లేదు.

ఇంటి కట్టడం కూడా మగ్గం చెప్పినట్టే జరిగేది. గుంట మగ్గానికి పెద్ద చట్రం అక్కరలేదు, నేలే చట్రం. గుంటలో కాళ్లు దించి తొక్కుడు చెక్కలు తొక్కితే పడుగు నేలకు జానెడు ఎత్తులో సాగుతుంది. మట్టినేల చెమ్మ పోగును మెత్తగా ఉంచుతుంది, ఎండలు ముదిరినా తెగదు. సిమెంటు నేల వేసిన ఇంట్లో పోగు మాటిమాటికీ తెగుతోందని పాతవాళ్లు చెప్పేవారు, మేము నమ్మలేదు. పడుగు సాచడానికి వీధి పొడుగ్గా, తిన్నగా ఉండాలి. తెల్లవారుజామున, ఎండ పొడవకముందే, వీధి పొడవునా పడుగు చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. ఇరుగుపొరుగు అందరూ చేయి వేయాలి. పోట్లాడుకున్న అన్నదమ్ములు కూడా ఆ గంటసేపు ఒకే పడుగుకు అటొకరు ఇటొకరు నిలబడేవారు. నేతవీధులు ఎందుకు అంత వెడల్పో తెలియని కొత్త తరం అక్కడ కార్లు ఆపుకుంటోంది.

ఇవాళ తళవాయిపురం అంటే నైటీలు. చుట్టుపక్కల చత్రపట్టి అంటే బ్యాండేజీ గుడ్డ. పని ఉంది, అన్నం ఉంది, అందుకు మాకు సంతోషమే. మళ్లీ గుంటలోకి దిగండని ఎవరికీ చెప్పం, ఆ పని చేసినవాళ్ల మోకాళ్లు మేము చూశాం. కానీ పేర్లు పోతున్నాయి. ఈ సంచిక కోసం ఇల్లిల్లూ తిరిగి మగ్గం మాటలు రాసుకుంటుంటే, డెబ్బై దాటినవాళ్లు మాత్రమే చెప్పగలిగారు. వాళ్లలోనూ ఆసు పోయడం ఎలాగో చేత్తో చూపించినవాళ్లే తప్ప మాటతో చెప్పినవాళ్లు తక్కువ. పుంజం అంటే ఎన్ని పోగులు అని ఇద్దరు అన్నదమ్ములు మా ముందే వాదులాడుకున్నారు.

ఒక ఇంట్లో కుట్టుమిషన్లు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒక మిషన్ కాళ్లు పలకల మీద ఉన్నాయి. పలకలు ఎందుకు అని అడిగితే కోడలు నవ్వి, "కింద గుంట ఉందండి" అంది. మిషన్ జరిపి, పలక ఎత్తి చూపించింది. మోకాలి పైదాకా లోతు, అంచు కాళ్లకు అరిగి నున్నగా ఉంది. వచ్చే నెల ఆ గదికి టైల్సు వేస్తారట. అంతలోపు కొలతలు తీసుకుంటామని అడిగాం. మూలన కూర్చున్న అవ్వ, "తీసుకోండి అబ్బా, దాంట్లో ఏముంది, గుంటే కదా" అంది. తరువాత ఏమనుకుందో, గోడ పట్టుకుని లేచి వచ్చి, గుంట అంచున కూర్చుని, కుడికాలు ఎక్కడ పెట్టాలో ఎడమకాలు ఎక్కడ పెట్టాలో మా కుర్రాడికి చూపించింది.