వూచ్ నగరం: హోలోకాస్ట్‌కు ముందు యూదు కుటుంబ జీవనం

పోలండ్ మధ్యభాగంలోని వూచ్ నగరాన్ని తెలుగులో లోడ్జ్ అని కూడా రాస్తుంటారు. 19వ శతాబ్దంలో వస్త్ర పరిశ్రమతో ఎదిగిన ఈ నగరం ‘పోలండ్ మాంచెస్టర్’గా ప్రసిద్ధి చెందింది. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి ఇక్కడ సుమారు 2,33,000 మంది యూదులు నివసించేవారు. నగర జనాభాలో వారు దాదాపు మూడో వంతు. పోలండ్‌లో వార్సా తర్వాత అతిపెద్ద యూదు సమాజం ఇదే.

ఇల్లే పనిశాల

ఈ సమాజంలో అంతస్తుల అంతరం ఎక్కువ. మిల్లు యజమాని ఇజ్రాయెల్ పొజ్నాన్‌స్కీ తన కర్మాగారం పక్కనే రాజప్రాసాదం వంటి భవనం కట్టించుకున్నాడు. ఉత్తరాన ఉన్న బవూతీ పేటలో మాత్రం ఎన్నో కుటుంబాలు ఒకే గదిలో కాపురముండేవి. మగ్గం, కుట్టుమిషన్ ఆ గదిలోనే ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రష్యా మార్కెట్ చేజారడంతో ఆ కుటుంబాల రాబడి తగ్గింది.

శనివారం విలువ

శుక్రవారం సూర్యాస్తమయంతో సబ్బాతు విశ్రాంతి మొదలయ్యేది. ఆ దినాన నిప్పు రాజేయడం నిషిద్ధం. అందువల్ల చిక్కుడు గింజలు, బంగాళాదుంపలతో చేసే ‘చోలెంట్’ కుండలను ముందురోజే రొట్టెల బట్టీలో ఉంచి, శనివారం మధ్యాహ్నం ఇంటికి తెచ్చుకునేవారు. 1919 నాటి చట్టం ఆదివారం విరామాన్ని తప్పనిసరి చేసింది. దీంతో సబ్బాతు పాటించే కుటుంబాలకు వారంలో ఐదు పనిదినాలే మిగిలాయి. ఆచారం నిలుపుకోవాలంటే ఒక రోజు కూలి వదులుకోవలసిందే.

రెండు తరాలు, రెండు భాషలు

పెద్దల ఇంటిభాష ఇడ్డిష్. యూదు పిల్లల కోసం శనివారం సెలవుతో నడిచిన ప్రభుత్వ పాఠశాలల్లో బోధన పోలిష్‌లో సాగేది. ఈ నగరంలోనే 1894లో జన్మించిన యూలియన్ తువిమ్ పోలిష్ భాషలో అగ్రశ్రేణి కవి అయ్యాడు. మతాచారమా, సోషలిజమా, పాలస్తీనాకు వలసా అన్న ప్రశ్నలపై ఒకే ఇంట్లో భిన్నాభిప్రాయాలుండేవి.

విచ్ఛిన్నం

1939 సెప్టెంబరు 8న జర్మన్ సేనలు నగరంలో ప్రవేశించాయి. 1940 వసంతంలో బవూతీ, పాతనగరం ప్రాంతాలను ఘెట్టోగా మార్చి, సుమారు 1,60,000 మందిని అందులో బంధించాయి. 1942 సెప్టెంబరులో పదేళ్లలోపు పిల్లలను, వృద్ధులను, రోగులను కుటుంబాల నుంచి వేరుచేసి, 15,000 మందికి పైగా చెల్మ్నోకు తరలించి చంపారు. 1944 ఆగస్టులో, మిగిలినవారిలో అత్యధికులను ఆష్విట్జ్‌కు పంపారు.

1892లో ఏర్పడిన యూదు శ్మశానవాటిక నేటికీ నగరంలో ఉంది. యుద్ధానికి ముందు మరణించినవారికి అక్కడ పేర్లు చెక్కిన సమాధులున్నాయి. చెల్మ్నోలో, ఆష్విట్జ్‌లో హతులైన వారి వారసులకు ఆ సమాధి కూడా దక్కలేదు.