కేంద్రమే లేని చోట ఆగిందేమిటి? లాక్‌డౌన్‌లో హుజూర్‌నగర్ గుండె రోగుల పునరావాసం

కరోనా కాలంలో హృదయ పునరావాసానికి, అంటే గుండె జబ్బు నుంచి కోలుకునేందుకు ఇచ్చే వ్యాయామ, వైద్య సాయానికి, కలిగిన అంతరాయాన్ని కొలవాలంటే మూతపడ్డ కేంద్రాలను లెక్కపెట్టడం తేలిక పద్ధతి. తెలంగాణలోని హుజూర్‌నగర్‌కు ఆ కొలత పనికిరాదు. మూయడానికి ఇక్కడ కేంద్రమంటూ ఉంటే కదా! 2020లో అచ్చయిన ఒక అధ్యయనం దేశం మొత్తంలో గుర్తించగలిగినవి 23 కేంద్రాలే. ఏటా 360 మంది గుండె రోగులుంటే వారిలో ఒక్కరికి చోటు. మరి ఇక్కడ ఆగిందేమిటి?

ఈ ప్రాంతంలో పునరావాసం ఆ పేరుతో లేదుగానీ ఆచరణలో ఎంతో కొంత ఉందని నా వాదన. గుండెకు 'రింగు' (స్టెంటు) వేయించుకుని ఊరికొచ్చిన మనిషి చెకప్‌కు ఎక్కే బస్సు, తెచ్చుకునే మాత్రలు, చల్లపూట నడక. ఈ మూడూ కలిస్తేనే అది. లాక్‌డౌన్‌లో తెగినవీ ఇవే.

ముందు బస్సు సంగతి. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూతో డిపోలకు చేరిన ఆర్టీసీ బస్సులు మళ్లీ జిల్లాల్లో తిరిగింది మే 19 నుంచి. విజయవాడలో చూపించుకునేవారి పరిస్థితి ఇంకా కష్టం. కోదాడ దాటగానే రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర రాష్ట్రమే మారిపోతుంది. రెండు రాష్ట్రాల మధ్య బస్సులు మొదలైంది నవంబరు 2నే. లాక్‌డౌన్‌కు కొద్ది నెలల ముందు ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. 2019 అక్టోబరు 21 నాటి హుజూర్‌నగర్ ఉప ఎన్నిక జరిగింది ఆ సమ్మె నడుమే. ఎవరికెన్ని ఓట్లో చెప్పేవాళ్లు ఊరినిండా ఉంటారు. చెకప్ తప్పినవాళ్ల లెక్క అడిగితే మాత్రం నోరు మెదపరు.

ఇక మాత్రలు. లాక్‌డౌన్‌లోనూ మందుల దుకాణాలు తెరిచే ఉన్నాయి కాబట్టి పాత చీటీ చూపి కొనుక్కోగలిగారు. స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్‌ను అర్ధాంతరంగా మానితే స్టెంటులోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంది. అందువల్ల ఈ వెసులుబాటు చిన్నదేం కాదు. కానీ బీపీ పెరిగిందా, మోతాదు మార్చాలా అన్నది పాత చీటీ చెప్పదు. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది; అయితే ఫోనులో డాక్టరు అడిగినప్పుడు బీపీ ఎంతో చెప్పడానికి ఇంట్లో మిషను ఉండాలి.

నడక మీద పడిన దెబ్బ ఇంతకంటే లోతైనదని నేననుకుంటాను. ఆ ఏడాది కర్ఫ్యూ రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా. ఏప్రిల్, మే ఎండల్లో గుండె రోగి భయం లేకుండా నడవగలిగే వేళలు దాదాపు అవే. పగలు బయటికొస్తే వడదెబ్బ, చీకట్లో వస్తే పోలీసు. దీనికి ఇంటివాళ్ల ప్రేమ తోడు: "నువ్వు లేవకు నాయినా, మేం చూస్కుంటం." 1966లో అమెరికాలోని డాలస్‌లో ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను మూడు వారాలు మంచం దిగనివ్వకపోతే, వారి శరీరం గరిష్ఠంగా ఆక్సిజన్ వాడుకోగల శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ఇంట్లో ఉండడం మంచాన పడి ఉండడంతో సమానం కాదు, నిజమే. కానీ ఇక్కడివాళ్లు యువకులూ కారు, ఆరోగ్యవంతులూ కారు.

వ్యాయామ పునరావాసం ప్రయోజనంపై ఇప్పుడు పెద్దగా సందేహం లేదు. 85 ప్రయోగాల్లో 23,430 మందిని పరిశీలించిన 2021 కాక్రేన్ సమీక్ష దానివల్ల గుండె జబ్బు మరణాలు సుమారు పావువంతు తగ్గుతాయని తేల్చింది. మన దేశంలో 24 ఆసుపత్రుల్లో 3,959 మందితో జరిగిన, గుండెపోటు తర్వాత యోగాతో పునరావాసం ఇచ్చే యోగా-కేర్ ప్రయోగం ఇంత గట్టిగా చెప్పలేకపోయింది: మరణాలు, మళ్లీ గుండెపోటు వంటి వాటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, మామూలు పనుల్లోకి తిరిగి వెళ్లడం మాత్రం మెరుగుపడింది. యాసంగి కోతల వేళ పొలం దాకా వెళ్లగలగడమే కోలుకోవడమనుకునే రైతుకు ఆ ఫలితం తక్కువది కాదు. 12 వారాల్లో 13 తరగతులే కాబట్టి ఏరియా ఆసుపత్రి స్థాయిలోనూ నడపవచ్చు.

ఇక అసలు ఆసుపత్రికే రానివారు. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 187 ఆసుపత్రుల్లో చూస్తే, 2019లో 25,418గా ఉన్న గుండెపోటు చేరికలు 2020లో అదే మూడు నెలల కాలానికి 16,414కు దిగాయి. అంతమందికి గుండెపోటు రాకుండా పోయిందని నమ్మలేం. అలా రానివారిలో బతికినవారు పునరావాసం లెక్కల్లో ఎక్కడా కనబడరు.

వచ్చినవారి జాడ మాత్రం దొరకవచ్చు. 2007లో మహబూబ్‌నగర్‌తో కలిపి మూడు జిల్లాల్లో మొదలైన ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీలో, కొన్ని చికిత్సల తర్వాత ఏడాదిపాటు చెకప్‌లూ మందులూ ఇచ్చే ఏర్పాటుంది. 2019, 2020 మార్చి–జూన్ నెలల్లో అలా వచ్చినవారి నమోదులను మండలాలవారీగా పక్కపక్కన పెట్టి, హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి వరుసల్లో ఎవరు తిరిగి రాలేదో చూడాలి. ఆ తర్వాత ఒక ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఆ ఇళ్లకు వెళ్లాలి.